ఇంటికో మనిషి

జామాయిల్ కర్ర లారీ మా వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆగిపోతుంది. ఆపాలని ఆపేది కాదు, చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఖమ్మంలో మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. కిటికీ తెరిచి ఉంటే పచ్చి జామాయిల్ వాసన గుప్పున లోపలికొస్తుంది. జలుబుకు రాసుకునే మందు వాసనలా ఉంటుందని మా టైపిస్టు ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం అది ఒక గది వాసన. ఆ గదికి కర్రల యార్డు వైపు ఒక కిటికీ, మధ్యలో ఒక బల్ల, బల్లకు ఇవతల చేతులు లేని ఒక చెక్క కుర్చీ, అవతల సత్యవతి మేడం.

మొన్న లారీ వెళ్ళినప్పుడు నా ముందు ఒక ఫైలు ఉంది. కార్మికుణ్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలనుకునే కంపెనీలు ఆర్డరు మీద సంతకం పెట్టే ముందు కాగితాలు నాకు పంపిస్తాయి, రేపు కోర్టులో నిలబడతాయో లేదో చూడమని. అదే నా బతుకుతెరువు. దానికి సిగ్గుపడేదీ లేదు, గొప్పలు చెప్పుకునేదీ లేదు. ఆ ఫైలులో మూడో పేజీ మీద కార్మికుడి వాంగ్మూలం ఉంది. "నాపై మోపిన అభియోగాన్ని మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను" అని మొదలవుతుంది. చక్కటి తెలుగు, ఒక్క కొట్టివేత లేదు. ఫైలు మూసి పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మేడం గురించి చెప్పాలి.

నేను లా చదివి, కోర్టులో కూర్చునే ఓపిక లేక, మొదట చేరిన ఉద్యోగం ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో. మా ఊరు తల్లాడ దగ్గర. ఫ్యాక్టరీ కొత్తగూడెం దాటి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. జామాయిల్ దుంగలను నానబెట్టి, గిరగిరా తిప్పుతూ కాగితంలా పలచటి పొర తీసే మిషన్లు అక్కడ రాత్రింబగళ్ళు తిరిగేవి. ఉద్యోగుల హాజరు, సెలవులు, శిక్షలు చూసే పర్సనల్ డిపార్ట్‌మెంటుకు సత్యవతి మేడం మేనేజరు. నేను ఆమె కింద అసిస్టెంటును, ఆరు నెలల ప్రొబేషన్ మీద. ఆమె పెద్దవాళ్ళు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఖమ్మంలో చెల్లెలితో కలిసి ఉండేది, రోజూ కంపెనీ బస్సులో వచ్చేది. రిటైర్మెంటు వయసు అప్పటికే దాటింది. ఏడాదికోసారి పొడిగింపు మీద పనిచేస్తోంది.

ఆమెను చూడనివాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. ఆమె దయగల మనిషి కాదు. ఎవరైనా పోయినవాళ్ళ మీద గౌరవంతో అలా అంటే నేను ఒప్పుకోను. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో అడిగేది కాదు, పండక్కి మిఠాయి తెచ్చేది కాదు. గడియారం ఒంటిగంట కొట్టగానే క్యారియరు విప్పి పెరుగన్నం తినేది. అప్పుడు ఎండీ గారు పిలిచినా "తిని వస్తున్నానని చెప్పు" అనేది. తన హయాంలో చాలామందిని డిస్మిస్ చేసింది. ఆ లెక్క నాకు తెలియదు, ఆమె చెప్పలేదు.

నేను చేరిన రెండో నెలలో ఒక ఎలక్ట్రీషియన్ క్యాంటీన్లో ఊడ్చే ఆడమనిషిని చెంప మీద కొట్టాడు. భోజనాల వేళ, జనమంతా చూశారు. అతన్ని ఆ సాయంత్రమే పంపించేస్తారని అనుకున్నాను. మేడం మాత్రం ఛార్జిషీటు తయారు చెయ్యమంది.

"అందరు చూసిండ్రు గద మేడం. ఇంక ఎంక్వైరీ ఎందుకు?" అన్నాను.

కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, "చూశారయ్యా, కాదన్నానా? వాడు చెప్పేది ఎంతమంది విన్నారు?" అంది.

"వాడేం చెప్తడు మేడం, అబద్ధం చెప్తడు."

"చెప్పనీ. ఆ అబద్ధమేదో వాడి నోటితోనే చెప్పనీ. మనం ఊహించి రాసుకుంటే అది మన అబద్ధం అవుతుంది."

ఛార్జిషీటు ఇచ్చి, జవాబుకు గడువిచ్చి, అతను కోరిన తోటి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకోనిచ్చి, సాక్షులను అతను ఎదురు ప్రశ్నలు అడగడం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, నెల రోజులు పట్టించింది. దెబ్బ తిన్న మనిషి ఆ నెలంతా మమ్మల్ని ఉరిమి చూసింది. చివరికి అతన్ని డిస్మిస్ చేశారు. అతను లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఫైలంతా తిరగేసి, కంపెనీ చేసింది సరైనదే అన్నారు. నేను మేడం తెలివికి దండం పెట్టుకున్నాను. కాగితం శుభ్రంగా ఉంటే చాలు, ఎవరూ మనల్ని ఏమీ చెయ్యలేరన్నమాట అనుకున్నాను. చూసింది ఒకటి, నేర్చుకున్నది ఇంకొకటి. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించాల్సింది నేను కాదు, జోగయ్య.

జోగయ్య పొర తీసే మిషను మీద పదకొండేళ్ళుగా పనిచేస్తున్న పర్మనెంటు కార్మికుడు. ఫ్యాక్టరీకి నాలుగు కిలోమీటర్ల దూరంలో అడవి అంచున ఉండే కోయ గుంపు అతనిది. గుంపు అంటే చిన్న పల్లె, పన్నెండు ఇళ్ళు. ఫ్యాక్టరీ కట్టినప్పుడు ఆ పన్నెండు ఇళ్ళ పశువులు మేసే బీడు, దానిలోని ఇప్పచెట్లు పోయాయి. అప్పుడు కంపెనీ పెద్దలు గుంపుకు వెళ్ళి, ఇంటికో కొలువు ఇస్తామని మాటిచ్చారు. ఇచ్చారు కూడా. పన్నెండు ఇళ్ళ నుంచి పన్నెండు మంది. అందరూ పర్మనెంటు. కొన్నేళ్ళ తర్వాత కాంట్రాక్టు మీద మనుషులు దొరకడం మొదలయ్యాక, ఆ పన్నెండు మంది యాజమాన్యానికి కంట్లో నలుసయ్యారు.

ఆ ఏడు తొలకరి పడ్డాక గుంపులో విత్తనాల పండుగ ఖాయమైంది. దానికి క్యాలెండర్లో తేదీ ఉండదు. వానను చూసి, గుంపు పెద్దలు కూర్చుని, ఫలానా రోజు అంటారు. అన్నాక ఇంటి పెద్ద కదలకూడదు. తండ్రి పోయాక జోగయ్యే ఇంటి పెద్ద. అటు పండుగకు ఇంటి పెద్ద ఉండాలి, ఇటు ఫ్యాక్టరీకి ఇంటి నుంచి ఒక మనిషి రావాలి. అతనికి ఇందులో చిక్కేమీ కనిపించలేదు. తన ఇత్తడి టోకెను తమ్ముడు భీమయ్య చేతిలో పెట్టి పంపించాడు. గేటు దగ్గర చూసేది టోకెన్ నంబరు, మొహం కాదు. భీమయ్య ఐదు రోజులు అన్న మిషను మీద పనిచేశాడు. పక్కన పనిచేసేవాళ్ళందరికీ తెలుసు, ఎవరికీ తప్పనిపించలేదు. ఆరో రోజు ప్రొడక్షన్ మేనేజరు వెనకనుంచి "జోగయ్యా" అని మూడుసార్లు పిలిచాడు. భీమయ్య వెనక్కి తిరగలేదు. అంతే, దొరికిపోయాడు.

కబురు వెళ్ళాక మర్నాడు జోగయ్య వచ్చాడు. మెల్లగా నడిచొచ్చి, నా బల్ల ముందు నిలబడి, అడిగిన మొదటి మాట ఇది: "మా తమ్ముడు పని మంచిగ చేసిండా సారూ?"

అతని చేతిలో సస్పెన్షన్ కాగితం పెట్టాను. మారుమనిషిని పంపడం మా రూల్సులో పెద్ద నేరాల్లో ఒకటి, డిస్మిస్ చెయ్యదగ్గది. అప్పుడు మేడం ఊళ్లో లేదు. కంటిలో శుక్లం తీయించుకోవడానికి రెండు వారాలు సెలవు పెట్టింది. ఎండీ గారు నన్ను పిలిచి, ఈ వారంలో ఎంక్వైరీ ముగించి ఆర్డరు తయారుగా పెట్టమన్నారు. ప్రొడక్షన్ మేనేజరు ఎంక్వైరీ అధికారి, రాసుకునేది నేను. పావుగంట కూడా పట్టలేదు.

"నీ టోకెన్ మీద నీ తమ్ముడు పనిచేసిండా, లేదా?"

"అవ్."

"నువ్వే పంపినవా?"

"అవ్, నేనే పంపిన. ఇంటికో కొలువు అని మీరే అన్నరు గద సారూ. పండుగకు నేనుండాలె, ఈడికి మా ఇంటి మనిషి రావాలె. గందుకని..."

"గదంత వద్దు. పంపినవా లేదా?"

"పంపిన."

నేను రాసింది ఇది: "నాపై మోపబడిన సదరు అభియోగమును బేషరతుగా అంగీకరించుచున్నాను. ఉద్దేశపూర్వకముగా యాజమాన్యమును మోసగించినందులకు మిక్కిలి పశ్చాత్తాపపడుచున్నాను. ఇందుకు ఎట్టి శిక్ష విధించినను నాకు సమ్మతమే." ఆ రోజుల్లో నా రాత చూసి నేనే మురిసిపోయేవాణ్ని. జోగయ్యకు పేరు రాయడం వచ్చు, చదవడం రాదు. పెన్ను పట్టుకుని, "ఇదేంది సారూ?" అని అడిగాడు. "నువ్వు చెప్పిందే," అన్నాను. అతను కూడబలుక్కుని మూడక్షరాలు పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే. అప్పుడు మాత్రం క్యాంటీన్‌కు వెళ్ళి మిర్చి బజ్జీ తిన్నాను.

ఆ వారంలో గేటు వాచ్‌మెన్ నవ్వుకుంటూ ఒక సంగతి చెప్పాడు. సస్పెన్షన్‌లో ఉన్న జోగయ్య రోజూ పొద్దున్నే సైరన్ మోగేసరికి వచ్చి గేటు బయట కర్రల కుప్ప మీద కూర్చుంటున్నాడట. షిఫ్టు వదిలేదాకా లేవడట. అతను రాని రోజు భీమయ్య వచ్చి కూర్చుంటున్నాడట. ఎందుకురా అంటే, "ఇంట్లకెళ్ళి ఒకలు రావాలె గద, గందుకే వచ్చినం" అన్నారట. ఇంటి నుంచి ఒకరు, అదీ లెక్క. నేనూ నవ్వాను. నవ్వానని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నవ్వాను.

మేడం నల్లద్దాలతో తిరిగొచ్చింది. డాక్టరు ఇంకో వారం చదవొద్దన్నాడు. అందుకని ఫైళ్ళన్నీ నన్ను చదివి వినిపించమంది. నా రాత ఆమె కళ్ళతో చూసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. చెవితో విన్నది. జోగయ్య వాంగ్మూలం చదువుతున్నప్పుడు నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉందనుకుంటాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఈసారి గర్వం తగ్గింది.

"'సదరు అభియోగమును బేషరతుగా.' ఇది జోగయ్య అన్నాడా?"

"దాని అర్థం గదే మేడం. ఒప్పుకున్నడు."

"అర్థం అడగలేదయ్యా రమణా. ఆయన నోట్లోంచి వచ్చిన మాట అడిగాను."

"'అవ్' అన్నడు."

"ఒక్క 'అవ్'కు ఇంత వచ్చిందా?" అంది. ఎగతాళిగా అనలేదు, నిజంగానే లెక్క అడిగినట్టు అడిగింది.

ఆ మధ్యాహ్నం నాకు మెమో వచ్చింది. వాంగ్మూలాన్ని మార్చి రాసినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. ఆమె గదిలోకి వెళ్తే, చేతులు లేని ఆ కుర్చీ చూపించింది. అంతవరకూ ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు.

"నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావు. ఒక్క లైనుతో ఇంటికి పంపించొచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. అయినా నేను అడుగుతున్నాను. చెప్పు, నేను రాసుకుంటాను."

కళ్ళకు మంచిది కాదని చెప్పబోతే, "అది నా కళ్ళ సంగతి" అంది. మొదట ఏదో సర్ది చెప్పాలని చూశాను. ఎండీ గారు తొందరపెట్టారనీ, ప్రొడక్షన్ మేనేజరు వినలేదనీ. ఆమె పెన్ను కదలలేదు. చివరికి నిజం చెప్పాను. ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో తడుముకుంటూ రాసి, ఆ కాగితాన్ని నాకు ఇచ్చి పైకి చదవమంది. "ఆయన అట్ల అనలే. నేనే రాసిన. మీరొచ్చేలోపు పని అయిపోవాలని, తెలుగు మంచిగుండాలని రాసిన." అంతే ఉంది. నా మాటలు నావిగా, ఏ అలంకారమూ లేకుండా, ఇంకొకరి చేతిరాతలో ఉన్నాయి.

"ఇది నీ మాటేనా?" అని అడిగింది.

"అవ్ మేడం," అన్నాను.

నా ఫైలులో ఒక హెచ్చరిక పడింది. దానితోపాటు ఇంకో శిక్ష కూడా వేసింది, అది ఏ రూల్సులోనూ లేదు. గేటు బయటికి వెళ్ళి, నేనేం రాశానో, దాని అర్థమేమిటో జోగయ్యకు నా నోటితో చెప్పి రమ్మంది. వెళ్ళాను. ఎండలో కర్రల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పాను.

"మోసం చేసిన అని నేనెప్పుడన్న సారూ?" అన్నాడు. "పదకొండేండ్ల సంది చేస్తున్న. గంత మాట ఎట్ల రాసినవు?"

అలాగే నిలబడ్డాను. కాసేపటికి అతనే పక్కకు జరిగి, "కూసో సారూ, ఎండల నిలబడితే తల తిరుగుతది," అన్నాడు. కూర్చున్నాను. సైరన్ మోగేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

మర్నాడు మేడం ఎండీ గారి దగ్గరికి వెళ్తూ ఫైలు పట్టుకుని నన్ను వెంట రమ్మంది. ఆ సంభాషణ నాకు మాట మాటకూ గుర్తుంది.

"ఈ ఎంక్వైరీ చెల్లదండి. తప్పు మన ఆఫీసుది. మళ్ళీ మొదటినుంచి చేస్తాను."

"ఒప్పుకుని సంతకం పెట్టినవాడికి మళ్ళీ ఎంక్వైరీ ఏంటి సత్యవతి గారూ? వీడు పోతే మిగతా పదకొండు ఇళ్ళ సంగతీ తేలికవుతుంది. మీకు తెలియందేముంది?"

"ఆ పదకొండు ఇళ్ళ సంగతి ఛార్జిషీటులో లేదండి."

కోర్టుకు వెళ్తే ఈ కాగితం నిలబడదని ఆమె చెప్తే ఎండీ గారు నమ్మక తప్పదు. అంతకుముందు ఆమె అలా చెప్పినవేవీ తప్పలేదు. "మీ ఇష్టం," అన్నారు. ఆ మాటలో ఇష్టం లేదని నాకే అర్థమైంది, ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా?

రెండో ఎంక్వైరీ ఆమే చేసింది. జోగయ్య తన గుంపుకే చెందిన ఒక పెద్దవయసు కార్మికుణ్ని తోడు తెచ్చుకున్నాడు. ఆయన ఛార్జిషీటును కోయ భాషలో చెప్పాడు. జోగయ్య మాట్లాడాడు. బీడు గురించి, ఇప్పచెట్ల గురించి, తన నాన్నకు కంపెనీ పెద్దమనిషి చేతిలో చెయ్యేసి చెప్పిన మాట గురించి. నేను ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. "కొలువు ఇంటిది తల్లీ. నాదెట్లయితది? నేను పోతే మా తమ్ముడు, వాడు పోతే వాని కొడుకు." మేడం ఆపకుండా అంతా విన్నది. తర్వాత అడిగింది.

"పొర తీసే బ్లేడులో నీ తమ్ముడి చెయ్యి పడి ఉంటే ఏం చేసేవాడివి?"

జోగయ్య ఉలిక్కిపడ్డాడు.

"మా పుస్తకంలో భీమయ్య లేడు. ఆ రోజు మిషను మీద ఉన్నది నువ్వు. పోయిన చెయ్యి కూడా నీదే అని రాసి ఉంటుంది. నీ చేతులు చూస్తే రెండూ ఉంటాయి. మరి వాణ్ని దవాఖానాలో ఎవరు చేరుస్తారు, జీవితాంతం ఎవరు చూస్తారు?"

అతను తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "గట్ల నేను అనుకోలే తల్లీ," అన్నాడు. అంతదాకా ఎవరికీ తల వంచని మనిషి అప్పుడు వంచాడు.

"ఇంటికో కొలువు అన్న మాట నిజమే జోగయ్యా, నేనూ అక్కడే ఉన్నాను. కానీ చెయ్యి పోగొట్టుకునేది ఇల్లు కాదు, మనిషి. అందుకే కాగితం మీద మనిషి పేరు రాస్తారు."

తప్పు రుజువైందనే ఆమె రాసింది. పదకొండేళ్ళలో ఒక్క మచ్చ లేదనీ, మోసం చేసే ఉద్దేశం లేదనీ, అతనికి ఆ పద్ధతి ఎవరూ విడమరిచి చెప్పలేదనీ కూడా రాసింది. ఏడాది ఇంక్రిమెంటు ఆగింది, కొలువు నిలిచింది. గుంపు వాళ్ళ కోసం ఒక పద్ధతి కూడా పెట్టింది. వేసవి చివర్లోనే సెలవు చీటీలు రాయించుకుని, తేదీ దగ్గర ఖాళీ వదిలి, గేటు దగ్గర ఉంచేవాళ్ళం. పండుగ ఖాయమైన రోజు కబురొస్తే వాచ్‌మెన్ తేదీ వేసేవాడు. తేదీ లేని సెలవు చీటీ ఏ కంపెనీలోనైనా ఉంటుందా అని ఆడిటరు తల పట్టుకున్నాడు. "వానకు తేదీ ఉంటే చెప్పండి, వేయిస్తాను" అంది ఆమె.

తర్వాతి వేసవిలో ఆమె పొడిగింపు గడువు దగ్గరికొచ్చింది. ఎండీ గారు నన్ను పిలిచి, రెండు లైన్ల కాగితం టైపు చేయించమన్నారు. మీ సేవలు ఈ సాయంత్రం నుంచి అవసరం లేదు, ఇంతవరకు చేసినందుకు ధన్యవాదాలు. "ఇందులో నీ అలంకారాలేమీ వద్దు," అన్నారు. కారణం లేదు, ముందు నోటీసు లేదు. నాకు తెలిసిన రూల్సన్నీ మనసులో తిరగేశాను. కార్మికుడికి ఉన్న రక్షణ మేనేజరుకు లేదు. ఎంతోమందిని అడిగి పంపిన మనిషిని అడగకుండా పంపించొచ్చు. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు.

కాగితం తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. కొత్త కళ్ళద్దాలతో చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"సరిగ్గానే రాశావు. తప్పుల్లేవు," అంది. "నాలాంటివాళ్ళకు ఇంతకంటే అక్కర్లేదయ్యా."

బయట యార్డులో అప్పుడే వచ్చిన లోడు దించుతున్నారు. పచ్చి కర్ర వాసన గదంతా నిండింది. నేను వెళ్ళలేదు. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఒక తెల్ల కాగితం తీసుకుని, పెన్ను మూత తీశాను.

"మేడం, మీరు చెప్పేది ఏమన్న ఉందా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు ఎలాంటిదో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, చేతులు లేని కుర్చీలో కూర్చుంది. నాకు అవతలి కుర్చీ చూపించింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, తొందరలేకుండా చెప్పింది. నేను రాశాను. చదివి వినిపించమంది. కాగితం పైన "గౌరవనీయ యాజమాన్యము వారికి" అని అలవాటుగా రాసి ఉంది, అది చదవగానే చెయ్యెత్తింది.

"అది నేను అన్నానా?"

కొట్టేశాను. మిగిలింది మూడు వాక్యాలు. "ఈ ఫ్యాక్టరీలో నేను చాలామందిని పంపించాను. అడగకుండా ఎవరినీ పంపలేదు. నన్ను అడగలేదు."

"నా మాటే," అని సంతకం పెట్టింది. ఆ కాగితం ఎవరికీ ఇవ్వమనలేదు, దాచమనీ అనలేదు. క్యారియరు సంచిలో సర్దుకుని ఐదింటి బస్సెక్కింది.

మర్నాడు జోగయ్య షిఫ్టు దిగి మా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఖాళీగా ఉన్న ఆమె కుర్చీ వైపు చూశాడు. మేడం ఇక రాదని చెప్పాను. పంపించేశారని చెప్పాను. ఆలోచించాడు.

"మరి ఆమె ఇంట్లకెళ్ళి ఎవలు రారా సారూ?" అన్నాడు.

ఆ వారమే నన్ను ఆమె కుర్చీలో కూర్చోమన్నారు. మూడేళ్ళు కూర్చున్నాను, తర్వాత ఖమ్మం వచ్చేశాను. ఆమె పోయి రెండేళ్ళవుతుంది. చట్టాల పేర్లు మారాయి. టోకెన్లు పోయి వేలిముద్ర మిషన్లు వచ్చాయి, ఇప్పుడు అన్న బదులు తమ్ముడు రావాలన్నా రాలేడు. ఆ మూడు వాక్యాల కాగితం నా సొరుగులో ఉంది. తీసి చూసేది తక్కువ, అవసరం పడదు.

లారీ వెళ్ళిపోయాక పక్కన పెట్టిన ఫైలు మళ్ళీ తీశాను. అది పంపిన కంపెనీలో ఆ పనులు చూసే కుర్రాఫీసరుకు ఫోన్ చేశాను.

"మూడో పేజీ వాంగ్మూలం ఎవరు రాసిండ్రు?"

"నేనే సార్. బాగా వచ్చిందా సార్?"

"బాగానే వచ్చింది. అతను ఏమన్నడు?"

"ఒప్పుకున్నాడు సార్."

"ఏమని? అతని మాటల్లో చెప్పు."

"గుర్తులేదు సార్," అన్నాడు నిజాయితీగానే.

"అయితే రేపు పిలిచి, కూర్చోబెట్టి, మళ్ళీ మొదటినుంచి అడుగు."

"అతను సస్పెన్షన్‌లో ఉన్నాడు సార్. ఎక్కడున్నాడో ఏమో."

"గేటు బయట చూడు," అన్నాను.